ముడిచమురు: ఆవిర్భావం, రసాయన సంఘటన

1. ఉపోద్ఘాతం:
‘పెట్రోలియం’ అనే మాటలో రాయి, నూనె అనే అర్థాలున్న రెండు పదాలు ఉన్నాయి. అందుకే దానిని తెలుగులో ‘శిలాతైలం’ అనడం సార్థకం. అయితే వాడుకలో స్థిరపడిన ‘చమురుబావి’ అనే సమాసం ఒక అపోహకు తావిస్తున్నది. బావిలో నీరు నిలిచినట్లు భూగర్భంలో చమురు మడుగు కట్టి ఉంటుందని విద్యార్థులు భావించే అవకాశం ఉంది. నిజానికి అది ఇసుకరాయి వంటి శిలల సూక్ష్మరంధ్రాలలో ఇమిడి ఉంటుంది. ముడిచమురు ఏర్పడే క్రమాన్ని, దానిలోని రసాయన ద్రవ్యాలను వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. ఆవిర్భావం:
ముడిచమురుకు ప్రధాన మూలం ప్రాచీన సముద్రాలలో, సరస్సులలో జీవించిన శైవలాలు, ప్లవకాలు అనే సూక్ష్మజీవులు. రాక్షసబల్లుల కళేబరాలే చమురుగా మారాయన్న ప్రచారం సరికాదు. మరణించిన సూక్ష్మజీవులు ఆక్సిజన్ కొరవడిన అడుగునేలకు చేరినప్పుడు పూర్తిగా కుళ్లిపోక, బంకమట్టితో కలిసి పొరలుగా పేరుకుంటాయి. కాలక్రమంలో ఆ సేంద్రియ పదార్థం ‘కెరోజెన్’ అనే ఘనరూపాన్ని పొందుతుంది. పైపొరల మందం పెరిగేకొద్దీ ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది. సుమారు 60 నుండి 120 డిగ్రీల సెల్సియస్ మధ్య కెరోజెన్ విచ్ఛిన్నమై ద్రవరూప హైడ్రోకార్బన్‌లు వెలువడతాయి. వేడి ఇంకా పెరిగితే చమురుకు బదులు సహజవాయువే అధికంగా ఏర్పడుతుంది. ఈ పరిణామానికి లక్షల, కోట్ల సంవత్సరాలు పడుతుంది.

చమురు పుట్టిన రాయి మాతృశిల. నీటికంటే తేలికైనందున చమురు అక్కడి నుండి పైకి వలసపోయి, రంధ్రయుతమైన ఆశయశిలలో చేరుతుంది. దానిపై చొరరాని కప్పుశిల ఉంటేనే నిలుస్తుంది; లేకుంటే నేలపైకి ఊరిపోతుంది. కృష్ణా-గోదావరి బేసిన్‌లో క్రెటేషియస్ యుగపు రాఘవాపురం షేల్‌ను ముఖ్యమైన మాతృశిలగా గుర్తించారు. కప్పుశిల కింద నిక్షేపాలు తీవ్రమైన ఒత్తిడిలో ఉంటాయి. ఆ ఒత్తిడి అదుపు తప్పితే ఏమవుతుందో 1995లో రెండు నెలలకు పైగా మండిన కోనసీమలోని పాశర్లపూడి బావి చూపింది.

3. రసాయన సంఘటన:
ముడిచమురు ఒకే సమ్మేళనం కాదు. వేలాది సమ్మేళనాల మిశ్రమం. కనుక దానికి ఒక నిర్దిష్ట ఫార్ములా లేదు. బరువు ప్రకారం దానిలో కార్బన్ సుమారు 83–87 శాతం, హైడ్రోజన్ 10–14 శాతం ఉంటాయి. గంధకం, నైట్రోజన్, ఆక్సిజన్ కొద్దిపాళ్లలోనూ, నికెల్, వనేడియం వంటి లోహాలు అత్యల్పంగానూ ఉంటాయి. హైడ్రోకార్బన్‌లలో మూడు వర్గాలు ముఖ్యమైనవి:

అ) పారాఫిన్లు: కార్బన్ పరమాణువులు సరళమైన లేదా శాఖాయుతమైన గొలుసులుగా ఉన్నవి.
ఆ) నాఫ్తీన్లు: ఏకబంధాలతో కూడిన వలయాలు గలవి.
ఇ) ఆరోమాటిక్‌లు: బెంజీన్ వలయాలు గలవి.

వీటితోపాటు రెసిన్లు, ఆస్ఫాల్టీన్లు అనే బరువైన అణువులు చమురుకు చిక్కదనాన్ని, నల్లదనాన్ని ఇస్తాయి. గంధకం సుమారు 0.5 శాతానికి లోపు ఉన్న చమురును ‘తీపి’ చమురు అని వ్యవహరిస్తారు. గంధకం ఎక్కువైతే శుద్ధి ఖర్చు పెరుగుతుంది. తొలగించక మండిస్తే సల్ఫర్ డయాక్సైడ్ వెలువడుతుంది.

చమురు జీవమూలాన్ని నిరూపించిన సాక్ష్యం కూడా ఈ సంఘటనలోనే లభించింది. 1930లలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ ట్రైబ్స్ ముడిచమురులో పోర్ఫిరిన్‌లను గుర్తించారు. ఇవి పత్రహరితపు నిర్మాణాన్ని పోలి ఉంటాయి. మెగ్నీషియం స్థానంలో మాత్రం వనేడియం లేదా నికెల్ ఉంటుంది.

4. ముగింపు:
కిరణజన్య సంయోగక్రియ ద్వారా ఒకనాటి జీవులు గ్రహించిన కార్బన్ యుగాలపాటు శిలలలో నిలిచింది. చమురును మండించినప్పుడు అదే కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. మనం ‘చమురు ఉత్పత్తి’ అంటున్నది వాస్తవానికి వెలికితీత మాత్రమే. ఉత్పత్తి చేసినది ప్రకృతి. పాఠ్యపుస్తకాలలో ‘వెలికితీత’ అనే పదాన్నే వాడితే, ఈ నిక్షేపం తిరిగి త్వరగా నిండదన్న సత్యం విద్యార్థికి మాటలోనే బోధపడుతుంది.