తువాలు చాటు బేరం బయటపడేనా?
క్వాంటమ్ కంప్యూటర్ వస్తే మన బ్యాంకు ఖాతాల గుట్టు ఏమవుతుంది?

వేంపల్లె: పశువుల సంతలో దళారి తువాలు కింద చేయి పెట్టి, వేళ్లు నొక్కి ధర చెప్పడం మన పెద్దలకు తెలిసిన పద్ధతే. చుట్టూ పదిమంది నిలబడి ఉన్నా ఎద్దుల జత ఎంతకు తెగిందో ఆ ఇద్దరికి తప్ప మూడోవానికి తెలియదు. నేడు సెల్‌ఫోన్‌లో డబ్బు పంపినా, వేలిముద్ర వేసి రేషను తీసుకున్నా అక్కడ కూడా ఇటువంటి తువాలు ఒకటి కప్పి ఉంటున్నది. దానినే ఎన్‌క్రిప్షన్ అంటారు. ఈ తువాలును లాగివేయగల యంత్రం కోసం ప్రపంచ దేశాలు పోటీ పడుతున్నాయి. ఆ యంత్రం పేరు క్వాంటమ్ కంప్యూటర్.

ఇది ఎక్కడో సీమదాటిన దేశాల సంగతి అనుకోవడానికి వీలు లేదు. అమరావతిలో 'క్వాంటమ్ వ్యాలీ' పేరిట ఒక కేంద్రాన్ని నెలకొల్పి, అందులో 156 క్యూబిట్ల యంత్రాన్ని ఉంచనున్నట్లు రాష్ట్ర ప్రభుత్వం, ఐబీఎం, టీసీఎస్ సంస్థలు 2025 మే నెలలో ప్రకటించాయి. అంతకుముందే, 2023 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం జాతీయ క్వాంటమ్ మిషన్‌కు రూ. 6,003 కోట్లకు పైగా మంజూరు చేసింది.

తాళం ఎలా పనిచేస్తుంది?

61ని 53తో హెచ్చవేయమంటే అయిదో తరగతి పిల్లవాడు 3,233 అని చెప్పగలడు. కాని 3,233 ఏ రెండు అంకెలను హెచ్చవేస్తే వచ్చిందో చెప్పమంటే పెద్దలకు కూడా పలక, బలపం కావాలి. వేయడం సులువు, విప్పడం కష్టం. ఈ కిటుకు మీదనే 1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ అనే ముగ్గురు ఒక తాళం కనిపెట్టారు. వారి పేర్ల మొదటి అక్షరాలతో దానికి ఆర్ఎస్ఏ అని పేరు వచ్చింది. నేడు వాడుకలో ఉన్న 2048 బిట్ల తాళంలో ఆ సంఖ్యకు 617 అంకెలు ఉంటాయి. దానిని విడగొట్టడం మామూలు కంప్యూటర్లకు యుగాలు గడిచినా సాధ్యం కాదు. ఆధార్ నమోదు సమాచారానికి వేసేది కూడా ఇటువంటి తాళమే.

అయితే 1994లో పీటర్ షోర్ అనే అమెరికా గణితవేత్త, క్వాంటమ్ కంప్యూటర్ గనుక తయారైతే ఈ లెక్కను త్వరగా విప్పవచ్చునని కాగితం మీద రుజువు చేశాడు. అప్పటి నుంచే ఈ అలజడి మొదలైంది.

కుంటలో రెండు రాళ్లు

మామూలు కంప్యూటర్‌లో ప్రతి బిట్టు సున్న గాని ఒకటి గాని అయి ఉంటుంది. క్యూబిట్ మాత్రం రెండింటి కలయికగా ఉండగలదు. కుంటలో రెండు రాళ్లు వేస్తే అలలు కొన్నిచోట్ల కలిసి పెద్దవవుతాయి, కొన్నిచోట్ల ఒకదానినొకటి చెరుపుకుంటాయి గదా! అదే విధంగా ఈ యంత్రంలో తప్పు జవాబులు చెరిగిపోయి, సరైన జవాబు పైకి తేలేటట్లు లెక్కను నడుపుతారు. అన్ని లెక్కలకూ ఈ ఉపాయం పారదు. కొన్నింటికి మాత్రమే పారుతుంది. మన దురదృష్టమేమిటంటే తాళం లెక్క ఆ కొన్నింటిలో ఒకటి.

యంత్రాన్ని నడపడం కూడా సామాన్యం కాదు. ఐబీఎం రకం యంత్రం పనిచేయాలంటే దానిని సున్నకు దిగువన దాదాపు 273 డిగ్రీల చలిలో ఉంచాలి. కొద్దిపాటి వేడి, అదురు తగిలినా లెక్క తప్పుతుంది. 2001లో ఐబీఎం శాస్త్రజ్ఞులు షోర్ పద్ధతిలో విడగొట్టగలిగిన సంఖ్య కేవలం 15. నేటి 2048 బిట్ల తాళం విప్పాలంటే పది లక్షలకు కొద్దిగా తక్కువ క్యూబిట్లు కావాలని 2025లో గూగుల్ పరిశోధకుడు ఒకరు లెక్క కట్టారు. 2019లో వేసిన లెక్క రెండు కోట్లు. అమరావతికి ప్రకటించినది 156. కనుక రేపో మాపో ఖాతాలు ఖాళీ అవుతాయన్న భయం అక్కరలేదు. కాని కావలసిన లెక్క ఆరేళ్లలో ఎంత దిగివచ్చిందో గమనార్హం.

వేలిముద్ర మార్చుకోలేం

అసలు చిక్కు మరొకటి ఉన్నది. తాళం వేసిన పెట్టెను నేడే దొంగిలించి దాచుకుని, యంత్రం వచ్చిన నాడు తెరిచే వీలున్నది. పాస్‌వర్డ్ అయితే మార్చుకోవచ్చు. వేలిముద్రను మార్చుకోలేం గదా! భూమి పత్రాలు, రోగాల వివరాలు, సైన్యం రహస్యాలు ఇరవై ఏళ్ల తర్వాత బయటపడినా నష్టమే. అందుచేత యంత్రం రాకముందే తాళాలు మార్చవలసి ఉన్నది.

మందు లేకపోలేదు. క్వాంటమ్ యంత్రానికి కూడా లొంగదని భావిస్తున్న మూడు కొత్త పద్ధతులను అమెరికా ప్రమాణాల సంస్థ 2024 ఆగస్టులో ఖరారు చేసింది. ఇవి మామూలు ఫోన్లలోనే నడుస్తాయి. కాంతి రేణువుల ద్వారా తాళంచెవి పంపే విధానం ఇంకొకటి. దారిలో ఎవరైనా తొంగిచూస్తే ఆ రేణువులు మారిపోయి గుట్టు తెలిసిపోతుంది. 2020 డిసెంబరులో హైదరాబాదులోనే రెండు రక్షణ ప్రయోగశాలల మధ్య డీఆర్‌డీఓ దీనిని పరీక్షించి చూపడం తెలుగువారికి గర్వకారణం.

కృత్రిమ మేధకు బలమా?

క్వాంటమ్ యంత్రంతో కృత్రిమ మేధ ఒక్కసారిగా పదింతలు పెరుగుతుందన్న ప్రచారం కూడా వినవస్తున్నది. ఇందులో నిజం కొంతే. కృత్రిమ మేధ కొండంత సమాచారాన్ని తిని ఎదుగుతుంది. అంత సమాచారాన్ని క్వాంటమ్ యంత్రంలోకి ఎక్కించడమే నేటికీ పెద్ద సమస్య. ప్రస్తుతానికి సహాయం అటునుంచి ఇటు జరుగుతున్నది. క్వాంటమ్ యంత్రం చేసే తప్పులను పట్టుకునేందుకు గూగుల్ 2024లో కృత్రిమ మేధనే వాడి చూసింది.

రైతుకు ఉపయోగపడగల దారి వేరే ఉన్నది. వేరుశనగ వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు ఏ కొలిమీ లేకుండా గాలిలోని నత్రజనిని ఎరువుగా మార్చుకుంటున్నాయి. యూరియా ఫ్యాక్టరీలో అదే పనికి విపరీతమైన వేడి, ఒత్తిడి కావాలి. ఆ సూక్ష్మజీవుల కిటుకును అణువుల స్థాయిలో లెక్కించి తెలుసుకోవడం క్వాంటమ్ కంప్యూటర్‌కు తగిన పని అని శాస్త్రజ్ఞుల ఆశ. అది ఫలిస్తే చౌక ఎరువుకు దారి దొరకవచ్చు.

మన వంతు

తాళాలు మార్చే పని బ్యాంకులది, ప్రభుత్వానిది. ఏ తాళం ఎప్పుడు మారుస్తారో ప్రజలకు తెలియజెప్పే బాధ్యత కూడా వారిదే. పల్లె పిల్లల చదువు కోసం 2008లో నెలకొల్పిన ట్రిపుల్ ఐటీ మన మండలంలోని ఇడుపులపాయలోనే ఉన్నది. ఈ కొత్త విద్య అక్కడి పిల్లలకు గట్టిగా అందితే, అమరావతిలో వచ్చే కొలువుల్లో మన ప్రాంతానికీ వాటా దక్కుతుంది.

ఇక మనం మరువరానిది ఒకటి. నేడు పల్లెల్లో ఖాతాలు ఖాళీ చేస్తున్నది క్వాంటమ్ యంత్రం కాదు. ఫోన్ చేసి ఓటీపీ అడిగే మోసగాడు. తాళం ఎంత గట్టిదైనా చెవి మనమే చేతికిస్తే చేయగలిగిందేమీ లేదు. తువాలు కింద పట్టుకున్న వేళ్లు ఎవరివో చూసుకునే బాధ్యత మాత్రం ఎప్పటికీ మనదే.