జర్మనా.. జపనీసా.. ఫ్రెంచా?
పీజీకి ముందు రెండో విదేశీ భాషను ఎంచుకునేదెలా?

ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం ఎందుకు తీసుకున్నావని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒక్కటే.. మార్కులొస్తాయని! రెండేళ్లు చదివి, తొంభైలు దాటించి, పరీక్షలైన మర్నాడే ఆ పుస్తకాన్ని అటకెక్కించేస్తారు. ఇంటర్‌కి ఆ లెక్క సరిపోయింది. పీజీ కోసం ఇంగ్లిష్ తర్వాత మరో విదేశీ భాష నేర్చుకోవాలనుకున్నప్పుడు మాత్రం అది పనికిరాదు. ఇక్కడ పరీక్ష పాసవడంతో కథ ముగియదు, మొదలవుతుంది. ప్రొఫెసర్ పాఠం చెప్పేది, ఇంటి ఓనరు అగ్రిమెంటు రాసేది, ఇంటర్వ్యూలో మిమ్మల్ని ప్రశ్నలడిగేది ఆ భాషలోనే. పైగా మీరు పెట్టేది ఏడాదో రెండేళ్లో సమయం, అమ్మానాన్నల డబ్బు. ‘ఫ్రెండ్ చేరాడు, నేనూ చేరాను’ అనే పద్ధతిలో తీసుకోవాల్సిన నిర్ణయం కాదిది.

అసలు మీకు అవసరమా?

ముందు ఈ ప్రశ్న తేల్చుకోండి. అమెరికా, బ్రిటన్, ఐర్లాండ్, ఆస్ట్రేలియాల్లో ఎంఎస్ చేయాలనుకుంటే ఇంగ్లిష్ చాలు. గేట్ రాసి ఐఐటీలోనో ఎన్ఐటీలోనో ఎంటెక్ చేద్దామనుకున్నా కొత్త భాషతో పనిలేదు. ఫైనలియర్ ప్రాజెక్టు, క్యాంపస్ డ్రైవ్‌లు, మిగిలిపోయిన బ్యాక్‌లాగ్‌లు ఉండగా ‘రెజ్యుమేలో బాగుంటుంది’ అని ఏ1 క్లాసులో చేరితే రెండూ చెడతాయి. ఏ1 సర్టిఫికెట్ చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. వద్దనుకోవడం కూడా ఒక మంచి నిర్ణయమే.

అవసరం ఉన్నది ముఖ్యంగా నాలుగు రకాల వాళ్లకి. స్థానిక భాషలోనే బోధించే కోర్సులో చేరాలనుకునేవాళ్లు, కోర్సు ఇంగ్లిష్‌లో ఉన్నా ఆ దేశంలోనే ఉద్యోగం వెతుక్కోవాలనుకునేవాళ్లు, ఎంపికలో భాషకూ చోటున్న స్కాలర్‌షిప్‌కి పోటీపడేవాళ్లు, ఆ భాషలోనే ఎంఏ చేయాలనుకునేవాళ్లు. వీటిలో మీరు ఎక్కడున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. ఎక్కడా లేకపోతే ఈ పేజీ మడిచేసి గేట్ పుస్తకం తీయొచ్చు!

జర్మన్: సీటుకు కాదు, ఉద్యోగానికి

జర్మనీలో ఎక్కువ శాతం ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు ఉండదన్నది నిజమే. అయితే బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచి యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 వింటర్ సెమిస్టర్ నుంచి మనలాంటి విద్యార్థులకు ఫీజు పెట్టింది. కాబట్టి ‘జర్మనీ అంటే ఫ్రీ’ అనే మాటను యూనివర్సిటీ వారీగా సరిచూసుకోండి. ఫీజు లేకపోయినా ఏడాది ఖర్చుకు సరిపడా సొమ్ము బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి ఆ మొత్తం 11,904 యూరోలు. భారతీయ విద్యార్థులకు ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి.

భాష సంగతికొద్దాం. ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ కోర్సులు ఇంగ్లిష్‌లో బోలెడున్నాయి. ‘ఇంక జర్మన్ ఎందుకు?’ అనుకునేది ఇక్కడే. విదేశీ విద్యార్థి ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేసుకోవచ్చు, చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల వరకు అక్కడ ఉండొచ్చు. ఆ పార్ట్‌టైమ్ ఉద్యోగం, కంపెనీలో థీసిస్, ఆ పద్దెనిమిది నెలల్లో వచ్చే ఇంటర్వ్యూ.. వీటిలో చాలావాటికి జర్మన్ కావాలి. మెకానికల్, ఆటోమొబైల్, సివిల్ బ్రాంచిల వాళ్లకు మరీనూ. ఎడ్యుకేషన్ లోన్ వాయిదాలు మొదలయ్యే సమయానికి భాష రాకపోతే ఎంత ఇబ్బందో ఊహించుకోండి. సీటొచ్చింది కదా అని ఏ2 దగ్గర ఆపేయకుండా, బయల్దేరేలోపు బి1 అయినా పూర్తిచేయడం మంచిది.

బోధన జర్మన్‌లోనే ఉన్న కోర్సుల్లో చేరాలంటే టెస్ట్‌డాఫ్ లేదా డీఎస్‌హెచ్ పరీక్ష ఉంటుంది. టెస్ట్‌డాఫ్‌లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం అని నాలుగు విభాగాలు. సాధారణంగా నాలుగింటిలోనూ టీడీఎన్ 4 అడుగుతారు. డీఎస్‌హెచ్‌ను జర్మనీలోని యూనివర్సిటీలే నిర్వహిస్తాయి. అందులో రెండో స్థాయి వస్తే చాలాచోట్ల సరిపోతుంది.

జర్మన్‌లో మనవాళ్లను ఏడిపించేది లింగం. సూర్యుడు స్త్రీలింగం, చంద్రుడు పుంలింగం, ‘అమ్మాయి’ అనే మాటేమో నపుంసక లింగం! భార్య, దార, కళత్రం అనే మూడు మాటలకీ అర్థం ఒకటే అయినా మూడింటికీ మూడు లింగాలని సంస్కృతం క్లాసులో విన్నవాళ్లకు ఇది కొత్తేం కాదు. విభక్తులూ నాలుగే. తర్కం వెతక్కుండా, ప్రతి నామవాచకాన్నీ దాని ఆర్టికల్‌తో కలిపి ఒకే మాటలా నేర్చుకోవడమే మందు.

ఫ్రెంచ్: చదవడం తేలిక, వినడం కష్టం

ఇంగ్లిష్‌లో ఫ్రెంచ్ మూలాలున్న మాటలు వేలల్లో ఉన్నాయి. కాబట్టి పేజీ చూడగానే సగం అర్థమైనట్టు ఉంటుంది. చిక్కంతా చెవి దగ్గర. రాసిన అక్షరాలన్నీ పలకరు. ఉన్నదున్నట్టు పలికే తెలుగు అలవాటుకి ఇది ఎదురు దెబ్బ. తొంభై తొమ్మిది అనాలంటే ‘నాలుగు ఇరవైలు పంతొమ్మిది’ అంటారు. లిజనింగ్ పరీక్షలో ఫోన్ నంబరు రాసుకోమంటే చెమటలు పడతాయి. మొదటి రోజు నుంచే వినికిడికి ఎక్కువ సమయం కేటాయించండి.

ఫ్రాన్స్‌లో బిజినెస్ స్కూళ్లు చాలావరకు ఇంగ్లిష్‌లో కోర్సులు నడుపుతున్నాయి. ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫ్రెంచ్‌లో బోధించే మాస్టర్స్‌కు మాత్రం సాధారణంగా బి2 అడుగుతారు. డెల్ఫ్ పరీక్షలు ఏ1 నుంచి బి2 వరకు, డాల్ఫ్ సి1, సి2లకు. డెల్ఫ్‌లో నాలుగు విభాగాలకు పాతికేసి చొప్పున వంద మార్కులు. 50 వస్తే పాస్. కానీ ఏ ఒక్క విభాగంలోనూ 5 కంటే తగ్గకూడదు. ఈ సర్టిఫికెట్లకు గడువు లేదు. టీసీఎఫ్ స్కోరుకు మాత్రం రెండేళ్లే.

ఒక జాగ్రత్త. కెనడా శాశ్వత నివాసం కోసం ఫ్రెంచ్ నేర్చుకునేవాళ్లు ఇటీవల పెరిగారు. అక్కడి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి డెల్ఫ్ చెల్లదు. టెఫ్ కెనడా లేదా టీసీఎఫ్ కెనడా రాయాలి. పరీక్ష ఫీజు కట్టేముందే ఏది ఎవరికి చెల్లుతుందో చూసుకోకపోతే డబ్బూ పోతుంది, సీజనూ పోతుంది.

జపనీస్, కొరియన్: వాక్యం మనదే, లిపి వాళ్లది

అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యాధికారులకు భాషలు నేర్పడానికి వేసుకున్న అంచనా ఒకటి ప్రసిద్ధం. ఫ్రెంచ్‌కు 30 వారాలు, జర్మన్‌కు 36, జపనీస్, కొరియన్‌లకు 88! ఇది చూసి బెదిరిపోకండి. ఆ లెక్క ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లకు. మీకు తెలుగు వచ్చు. ‘నేను పుస్తకాన్ని చదువుతాను’ అనడానికి జపనీస్‌లో ‘వతాషి-వా హోన్-ఓ యోమిమాసు’. హోన్ అంటే పుస్తకం, ఓ అంటే మన ‘ని’, యోమిమాసు అంటే చదువుతాను. ‘హైదరాబాద్ నుంచి వచ్చాను’ అంటే ‘హైదరాబాద్ కరా కిమాషితా’. మాట వెనకే విభక్తి, చివర్లో క్రియ. కొరియన్‌దీ ఇదే దారి. ఇంగ్లిష్‌లో ఆలోచించి అనువదిస్తే తల తిరుగుతుంది, తెలుగులో ఆలోచిస్తే వాక్యం దానంతటదే కుదురుతుంది.

కష్టం లిపిలో ఉంది. జపాన్ ప్రభుత్వం రోజువారీ వాడకానికి నిర్దేశించిన కాంజీలే 2,136. రోజుకు ఐదు నేర్చుకున్నా ఏడాదికి పైగా పడుతుంది, మర్చిపోయేవి అదనం. కొరియన్ హంగుల్‌లో ప్రాథమిక అక్షరాలు 24 మాత్రమే. వారంలో కూడబలుక్కుని చదవొచ్చు.

జేఎల్‌పీటీలో ఎన్5 నుంచి ఎన్1 వరకు ఐదు స్థాయిలు. అంకె తగ్గేకొద్దీ కష్టం పెరుగుతుంది. మనదేశంలో జులై, డిసెంబరుల్లో జరుగుతుంది. ఇందులో మాట్లాడటం, రాయడం పరీక్షించరు. అందుకే ఎన్2 పాసై కూడా ఇంటర్వ్యూలో నోరు పెగలని పరిస్థితి రావొచ్చు. మాట్లాడే సాధన విడిగా చేసుకోవాల్సిందే. జపాన్ ప్రభుత్వ మెక్స్ట్ స్కాలర్‌షిప్‌కు ఎంబసీ ద్వారా రీసెర్చ్ స్టూడెంట్‌గా దరఖాస్తు చేస్తే, రాత పరీక్షలో ఇంగ్లిష్‌తో పాటు జపనీస్ పేపరూ ఉంటుంది.

కొరియా ప్రభుత్వ జీకేఎస్ స్కాలర్‌షిప్‌లో మొదటి ఏడాది కొరియన్ భాషా శిక్షణకే కేటాయిస్తారు. టోపిక్ పరీక్షలో ఐదు, ఆరు స్థాయిలు ముందే ఉన్నవాళ్లకు ఆ ఏడాది మినహాయింపు. టోపిక్ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది. మరీ ముందుగా రాసి పెట్టుకుని లాభం లేదు.

భాషే మీ సబ్జెక్టు అయితే..

మాస్టర్స్ కోసం దేశం దాటక్కర్లేదు. హైదరాబాద్‌లోని ఇఫ్లూ, దిల్లీలోని జేఎన్‌యూ విదేశీ భాషల్లో పీజీకి పేరున్న సంస్థలు. అనువాదం, బోధన, బహుళజాతి సంస్థల్లో లాంగ్వేజ్ నిపుణుల ఉద్యోగాలు ఈ దారిలో ఉంటాయి. ఎంట్రన్స్‌కు ఎంత భాష రావాలో ఏటా వచ్చే నోటిఫికేషన్‌లోనే చూడండి, సీనియర్ చెప్పిన మాట మీద ఆధారపడొద్దు. ఇక పరీక్షల కోసం నేర్చుకోవాలంటే హైదరాబాద్‌లోనే గోథె జెంత్రుమ్, అలయన్స్ ఫ్రాన్సేజ్ ఉన్నాయి.

క్యాలెండర్‌ను వెనక నుంచి చదవండి

జర్మనీ వింటర్ సెమిస్టర్ అక్టోబరులో మొదలవుతుంది. చాలా యూనివర్సిటీలకు దరఖాస్తు గడువు జులై 15, కొన్నింటికి ఇంకా ముందే. పరీక్ష రాసిన కొన్ని వారాలకు గానీ ఫలితం రాదు. డిసెంబరు జేఎల్‌పీటీ ఫలితాలు జనవరి ఆఖరుకు వస్తాయి. అంటే దరఖాస్తు తేదీ నుంచి ఫలితం ఆలస్యం తీసేయండి, ఒకసారి తప్పితే మళ్లీ రాసే వ్యవధి తీసేయండి. మిగిలినదే మీ చేతిలో ఉన్న సమయం. రోజుకు గంటన్నర, రెండు గంటలు కేటాయిస్తూ సున్నా నుంచి బి1కి రావడానికి ఏడాది పెట్టుకోవడం వివేకం. కాబట్టి థర్డ్ ఇయర్ మొదట్లో మొదలుపెట్టినవాళ్లకు ఊపిరి తీసుకునే వీలుంటుంది. ఫైనలియర్ రెండో సెమిస్టర్‌లో మొదలుపెడితే ఒక ఏడాది ఆగి వెళ్లడానికి సిద్ధపడాలి.

‘మూడు నెలల్లో బి2 గ్యారంటీ’ అనే బోర్డు కనిపిస్తే పక్క వీధిలోంచి వెళ్లండి. చేరేముందు రెండే ప్రశ్నలు అడగండి. పాఠం చెప్పేవారి స్థాయి ఏమిటి? క్లాసులో విద్యార్థి మాట్లాడేది ఎన్ని నిమిషాలు?

వారం రోజుల పరీక్ష

ఇంకా తేల్చుకోలేకపోతున్నారా? ఫీజు కట్టకముందు ఒక్కో భాషకు ఒక్కో వారం ఇవ్వండి. ఉచిత పాఠాలు దొరుకుతాయి. రోజుకో గంట వినండి, పలకండి, చేత్తో రాయండి. వారం చివర ఏ భాష ఎక్కువ వచ్చిందని చూడొద్దు. ఏ భాష కోసం ఎనిమిదో రోజు కూడా కూర్చోవాలనిపించిందో చూడండి. బి1 దాకా వెళ్లే దారిలో నాలుగో నెల ఒకటి వస్తుంది. కొత్తదనం పోయి, వ్యాకరణం గుట్టలా పేరుకుని, సెమిస్టర్ పరీక్షలు మీదపడే నెల అది. ఆ నెల మిమ్మల్ని దాటించేది దేశం మీది మోజు కాదు, ఆ భాష మీద మీకు పుట్టిన ఇష్టం. ఆ ఇష్టానికి స్పష్టమైన అవసరం తోడైతే.. అదే మీ భాష!