అమ్మ ఉద్యోగం, మనసులో భారం

ఉద్యోగం చేసే తల్లులను ఒక అపరాధ భావం వెంటాడుతూ ఉంటుంది. ఆఫీసులో ఉంటే బిడ్డకు అన్యాయం చేస్తున్నానని, బిడ్డ దగ్గర ఉంటే పనిలో వెనకబడుతున్నానని బాధ. ‘పసిబిడ్డను వదిలి వెళ్లాల్సినంత అవసరమా?’ అని చుట్టాలు ఒక్క మాటంటే చాలు, అది రెట్టింపవుతుంది. తండ్రిని ఆ మాట ఎవరూ అడగరు. తల్లి ప్రేమకు, ఈ బాధకు సంబంధం లేదు. ఇంటిపని పంపకం సరిగ్గా లేకపోవడమే దీనికి ప్రధాన కారణం. అందుకే దీన్ని చాలావరకు తగ్గించుకోవచ్చు.

గంటల లెక్క

కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే మహిళలు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే వెచ్చిస్తున్నారు. ఇంటిపని చేసే పురుషులు వెచ్చించేది 88 నిమిషాలు. 2019 సర్వేలో ఈ అంకెలు 299, 97. అయిదేళ్లలో ఇద్దరి మధ్య తేడా తగ్గింది ఒక్క నిమిషమే. ఆఫీసు నుంచి వచ్చాక ఇంట్లో మొదలయ్యే ఈ చాకిరీకి అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1989లో వెలువరించిన తన పుస్తకంలో ‘రెండో షిఫ్టు’ అని పేరు పెట్టారు.

ఈ అంకెలకు అందని పని ఇంకా ఉంది. టీకా ఎప్పుడు వేయించాలి, రేపు పనిమనిషి రాకపోతే ఏం చేయాలి, బడికి ఏ రంగు డ్రెస్ వేయాలి అన్నవన్నీ సాధారణంగా తల్లే గుర్తుపెట్టుకోవాలి.

బిడ్డకు నష్టమా?

అమెరికాలో 1991లో మొదలైన ఒక పెద్ద అధ్యయనం 1,300 మందికి పైగా పిల్లలను పుట్టినప్పటి నుంచి కొన్నేళ్ల పాటు గమనించింది. బిడ్డ రోజంతా ఎవరి దగ్గర ఉన్నదన్న దానికంటే, ఇంటి వాతావరణం, తల్లి స్పందించే తీరు ఎదుగుదల మీద ఎక్కువ ప్రభావం చూపుతాయని తేలింది. మంచి సంరక్షణ కేంద్రాల్లో ఉన్న పిల్లలకు మాటలు, ఆలోచన కొంత మెరుగ్గా వచ్చాయి. కేంద్రాల్లో మరీ ఎక్కువ గంటలు గడిపిన వారిలో పేచీలు కాస్త ఎక్కువ కనిపించినా, అవి చాలావరకు మామూలు స్థాయిలోనే ఉన్నాయి. తల్లి ఏ లోటూ లేకుండా ఉండనక్కర్లేదని, బిడ్డకు ‘చాలినంత మంచి’ తల్లి అయితే చాలని బ్రిటిష్ పిల్లల వైద్యుడు డొనాల్డ్ వినికాట్ అంతకు చాలా ముందే చెప్పారు.

తిరిగి పనిలో చేరేటప్పుడు

ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో, మొదటి ఇద్దరు పిల్లల కాన్పులకు జీతంతో కూడిన సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. కాన్పుకు ముందు 8 వారాల వరకు వాడుకోవచ్చు. అలా వాడుకుంటే తర్వాత మిగిలేది 18 వారాలే. అన్నప్రాసన కాకముందే, అంటే బిడ్డ ఇంకా పూర్తిగా చనుబాల మీదే ఉండగానే, తల్లి ఆఫీసుకు వెళ్లాల్సి వస్తుంది.

అప్పుడు పాలు పిండి నిల్వ చేయడం అక్కరకొస్తుంది. శుభ్రమైన మూత గిన్నెలోకి తీసి, తేదీ, సమయం రాసిపెట్టాలి. పిండిన పాలు 25 డిగ్రీల గదిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజుల వరకు పాడవవు. మన ఎండాకాలంలో వెంటనే ఫ్రిజ్‌లో పెట్టడమే మేలు. వాడేముందు మరగబెట్టకూడదు, గిన్నెను వేడినీళ్లలో ఉంచి గోరువెచ్చగా చేసి, ఉగ్గుగిన్నెతో పట్టాలి.

50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలి. తల్లి రోజుకు 4 సార్లు అక్కడికి వెళ్లి రావచ్చు. ఇది ఎవరో దయతలిచి ఇచ్చేది కాదు, హక్కు. కూలి పనులకు వెళ్లే తల్లులకు ఇలాంటి సెలవు లేదు. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద అర్హులకు తొలి బిడ్డకు 5,000 రూపాయలు అందుతాయి. పోయిన కూలికి అది ఏ మూలకూ చాలదు.

ఇంట్లో మార్పులు

భర్త ‘సాయం’ చేస్తే పని తగ్గుతుంది, గుర్తుపెట్టుకునే బరువు మాత్రం తల్లి మీదే ఉంటుంది. అందుకే ఒక పనిని మొదలు నుంచి చివరిదాకా అప్పగించాలి. టీకాలు తండ్రి బాధ్యత అనుకుంటే, తేదీ చూసుకోవడం, సెలవు పెట్టడం, వేయించుకు రావడం, ఆ రాత్రి జ్వరం వస్తే మేలుకొని ఉండడం అన్నీ ఆయనవే. తల్లి మధ్యలో గుర్తుచేయకూడదు, వంక పెట్టకూడదు.

పొద్దున బిడ్డ కళ్లుగప్పి వెళ్లిపోవడం కంటే, ‘సాయంత్రం వచ్చేస్తా’ అని చెప్పి వెళ్లడం మంచిది. రోజూ అన్నట్టే తిరిగి వస్తుంటే బిడ్డకు నమ్మకం కుదురుతుంది. ఇంటికొచ్చాక కాసేపు ఫోన్ పక్కన పెట్టి బిడ్డతోనే గడపాలి. గిన్నెలు ఆగుతాయి. బిడ్డను అమ్మమ్మో నానమ్మో చూసుకుంటుంటే, వారికీ వారానికి ఒక పూట విశ్రాంతి ఇవ్వాలి.

కాన్పు తర్వాత దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే, నిద్ర పట్టకపోతే, బిడ్డ మీద ధ్యాస నిలవకపోతే అది మామూలు అపరాధ భావం కాకపోవచ్చు. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్‌కు చికిత్స ఉంది. డాక్టరుకు చూపించుకోవాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.