రైలు 'టకటక' ఏమైంది?

రైలు ప్రయాణమంటే పెద్దవాళ్ళకు మొదట గుర్తుకు వచ్చేది ఆ చప్పుడే. టక్ టక్... టక్ టక్! మీ తాతగారిని అడిగి చూడండి. ఆయన చిన్నతనంలో గుంతకల్లు నుంచి కడపకు పోయే రైలు దారి పొడుగునా అలాగే మోగేదని చెబుతారు. ఇప్పుడు అదే దారిలో ఇంకా బరువైన, ఇంకా వేగమైన రైళ్ళు నడుస్తున్నాయి. అయినా ఆ టకటక చాలావరకు వినబడదు. అది ఎలా తగ్గింది?

ముందు ఆ చప్పుడు ఎక్కడ పుట్టేదో చూద్దాం. బండలు పరిచిన బాట మీద ఇనుప కట్టు వేసిన ఎద్దులబండి పోతున్నదనుకోండి. బండకూ బండకూ మధ్య సందు వచ్చిన చోటల్లా చక్రం దిగి, అవతలి అంచును గుద్దుతుంది. రైలు సంగతీ అంతే. మన బ్రాడ్ గేజి దారుల్లో పట్టా ముక్క మామూలు పొడవు 13 మీటర్లు. రెండు ముక్కల కొనలను దగ్గర చేర్చి, ఇరుపక్కలా ఫిష్ ప్లేట్లు అనే ఉక్కు బద్దలు పెట్టి బోల్టులతో బిగించేవారు. కొనల మధ్య కొన్ని మిల్లీమీటర్ల సందు ఉండేది. ప్రతి చక్రమూ అక్కడ ఒక సుత్తిదెబ్బ వేసేది.

ఈ దెబ్బలతో రైలు వేగం కూడా తెలుసుకోవచ్చు. ఒక చక్రం 47 సెకన్లలో ఎన్ని సందులు దాటితే, రైలు వేగం గంటకు సుమారు అన్ని కిలోమీటర్లు. 13 ను 3600 తో గుణించి, 1000 తో భాగించి చూడండి. కిటుకు మీకే తెలుస్తుంది.

అయితే ఇది వినోదం మాత్రమే కాదు. దెబ్బ మీద దెబ్బ తగిలి పట్టా కొనలు నలిగేవి. బోల్టు రంధ్రాల దగ్గర పగుళ్ళు పుట్టేవి. కింది కంకర కుంగేది. పట్టాల పక్కన ఇళ్ళున్నవారికి రాత్రి నిద్ర ఉండేది కాదు. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం, నివాస ప్రాంతాల్లో రాత్రిపూట శబ్దం 45 డెసిబెల్స్ మించరాదు.

మరి సందు వదలడం ఎందుకు? ఎండ కోసం! వేడికి ఉక్కు వ్యాకోచిస్తుందని మీరు చదువుకున్నారు. ఒక మీటరు ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 0.0115 మిల్లీమీటరు సాగుతుంది. కర్నూలు, కడప జిల్లాల ఎండ సంగతి మీకు చెప్పనక్కరలేదు. ఎండలో పడి ఉన్న పట్టా గాలి కంటె ఎంతో ఎక్కువగా కాలుతుంది. చలికాలం తెల్లవారుజామున 18 డిగ్రీలున్న పట్టా మే నెల మధ్యాహ్నం 58 డిగ్రీలకు చేరిందనుకుందాం. తేడా 40 డిగ్రీలు. 13 మీటర్ల ముక్క దాదాపు 6 మిల్లీమీటర్లు సాగాలి. సందు లేకపోతే ఎక్కడికి సాగుతుంది?

ఇంజనీర్లు ఆ సందును పూడ్చేశారు. ముక్కలను కర్మాగారంలో విద్యుత్ వేడితో అతుకుతారు. దారి మీదనైతే థెర్మిట్ పద్ధతి వాడతారు. అల్యూమినియం పొడినీ ఇనుప ఆక్సైడునూ కలిపి అంటిస్తే, అల్యూమినియం ఆక్సిజన్‌ను లాక్కుంటుంది. పుట్టిన వేడికి ఇనుము కరిగి, అచ్చులోకి దిగి, రెండు కొనలనూ ఏకం చేస్తుంది. దీన్ని 1890ల దశకంలో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు హన్స్ గోల్డ్‌ష్మిట్ కనిపెట్టాడు.

ఇలా అతికితే కిలోమీటరు పట్టా 40 డిగ్రీలకు 46 సెంటీమీటర్లు సాగాలి కదా? సాగదు. సాగనివ్వరు. ఉక్కు క్లిప్పులు పట్టాను కాంక్రీటు స్లీపర్లకు అదిమి పడతాయి. స్లీపర్లను కంకర కదలనివ్వదు. సాగలేని పట్టాలో ఒత్తిడి పుడుతుంది. మీటరుకు 60 కిలోల బరువుండే పట్టా 20 డిగ్రీలు వేడెక్కితే ఆ ఒత్తిడి బలం సుమారు 38 టన్నులు! పట్టా పొడవు ఎంతైనా ఇంతే. అందుకే పట్టాను బిగించేటప్పుడు, ఆ ప్రాంతపు వేడికీ చలికీ సగటు కంటె కొద్దిగా ఎక్కువ ఉష్ణోగ్రత ఎంచుకుంటారు. అప్పుడు ఎండకు ఒత్తిడి, చలికి లాగుడు, రెండూ హద్దులో ఉంటాయి. చివర ఉన్న సుమారు వంద మీటర్లు మాత్రం కొద్దిగా కదులుతాయి. అక్కడ కొనలను ఏటవాలుగా చెక్కి, ఒకదాని పక్కన ఒకటి జారేలా అమర్చుతారు. చక్రం గుద్దుకోకుండా ఒకదాని మీది నుంచి మరొకదాని మీదికి మారుతుంది.

ఇంకా మిగిలిన చప్పుడు సంగతి? చక్రమూ పట్టా ఎంత గరుకైతే అంత మోత. కాబట్టి చక్రాలను చెక్కి, పట్టాలను సానపట్టి నునుపు చేస్తారు. పట్టాకూ స్లీపరుకూ మధ్య రబ్బరు మెత్త వేస్తారు. దాని పని ఇంట్లోనే చూడవచ్చు. స్టీలు గిన్నెను బోర్లించి చెంచాతో కొట్టండి. తరువాత దాని కింద సైకిలు ట్యూబు ముక్క వేసి కొట్టండి. మోత తగ్గుతుంది. ప్రకంపనాలను రబ్బరు మింగేసిందన్నమాట.

ఇక్కడ ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ఈ ఏర్పాటంతా కంకర పట్టు మీద ఆధారపడి ఉంది. కంకర వదులైన చోట, మండుటెండలో పట్టా పాములా వంకర తిరిగి, రైలు పడిపోయే ప్రమాదముంది. అందుకే ఎండ ముదిరిన వేళ సిబ్బంది పట్టాల వెంట నడుస్తూ గస్తీ తిరుగుతారు. ఆటకనో, ఇంటి పనికనో రైలు కట్ట మీది కంకర తీసేవారు మీ ఊళ్ళో ఉంటే, ఆ రాళ్ళు ఎన్ని టన్నుల బలాన్ని ఆపుతున్నాయో వారికి చెప్పండి.