లేజరు డయోడ్ శ్రేణులు – వాటిని గుర్తించే తీరు

లేజరు అనగానే ఎంత దూరం పోయినా చెదరని సన్నని ఎర్రగీత మన మనసులో మెదులుతుంది. అధికశక్తి గల లేజరు డయోడ్ శ్రేణి ఈ ఊహకు పూర్తిగా భిన్నమైనది. దాని పరారుణ కాంతి కంటికి దాదాపుగా కనిపించదు. వెలువడిన మరుక్షణమే విసనకర్రలా విప్పారుతుంది.

1962లో అమెరికాలో రాబర్ట్ హాల్ బృందం గాలియం ఆర్సెనైడ్ స్ఫటికంతో తొలి అర్ధవాహక లేజరును వెలిగించింది. దానిని ద్రవ నైట్రోజనుతో చల్లబరచవలసి వచ్చింది. గది ఉష్ణోగ్రత వద్ద నిరంతరంగా వెలిగే డయోడ్ 1970లో సాధ్యమైంది. అయితే ఒక్క డయోడ్ ఇవ్వగల శక్తికి పరిమితి ఉంది. అందువల్ల సుమారు 1 సెంటీమీటరు వెడల్పు గల ఒకే పలకపై పదుల సంఖ్యలో ఉద్గారకాలను పక్కపక్కన అమర్చారు. ఈ పలకను బార్ అంటారు. బార్లను ఒకదానిపై ఒకటి పేరిస్తే స్టాక్ ఏర్పడుతుంది.

పాత యంత్రం నుండి ఊడదీసిన ఇటువంటి పరికరం పేరుచీటీ లేకుండా ప్రయోగశాలకు చేరిందనుకుందాం. బంగారు పూత గల రాగి దిమ్మె, శీతలీకరణకు నీటి మార్గాలు, మందమైన తీగలు తొలి ఆనవాళ్లు. విద్యుత్తు లేనప్పుడు సూక్ష్మదర్శినితో ముందు అంచును పరిశీలించి ఉద్గారకాలను లెక్కించవచ్చు. వెలిగినప్పుడు ఒక్కొక్క బార్ వద్ద వోల్టేజి 2 వోల్టులకు కాస్త అటూఇటూగా ఉంటుంది. కనుక వరుసగా కలిపిన స్టాక్‌లో 20 వోల్టులు కనిపిస్తే అందులో సుమారు 10 బార్లున్నట్లే. ప్రవాహం మాత్రం పదుల ఆంపియర్లు!

వెలిగించే ముందు ఆ తరంగదైర్ఘ్యానికి తగిన రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. కాంతి కనిపించదు కనుక రెప్ప దానంతట అది మూతపడదు. కంటి కటకం మాత్రం ఆ కాంతిని నేరుగా రెటీనాపై కేంద్రీకరిస్తుంది. ఆ గాయం మానేది కాదు.

ఇక పుంజం ఆకృతి. ఉద్గారకం వెడల్పు సుమారు 100 మైక్రోమీటర్లు, మందం 1 మైక్రోమీటరు మాత్రమే. రేవు ముఖద్వారం ఇరుకైనకొద్దీ లోపలికి వచ్చిన అల ఇరువైపులకూ విస్తరించినట్లే, కాంతి కూడా సన్నని దిశలోనే ఎక్కువగా విప్పారుతుంది. ఆ దిశలో వ్యాప్తి 40 డిగ్రీల వరకు, వెడల్పు దిశలో 10 డిగ్రీల లోపు ఉంటుంది. దీని ఫలితం విచిత్రం. అడ్డంగా ఉన్న బార్ నుండి బయలుదేరిన పుంజం 10 సెంటీమీటర్ల దూరంలో 7 సెంటీమీటర్ల నిలువు, 3 సెంటీమీటర్లకు లోపు అడ్డం గల మచ్చగా మారుతుంది. అంచుకు వెంట్రుకవంటి స్తూపాకార కటకం అతికించి ఉంటే ఈ గుర్తు కనిపించదు. దాన్ని ముందే చూసుకోవాలి.

చివరి ఆనవాలు తరంగదైర్ఘ్యం. వర్ణపటమాపకం 808 నానోమీటర్లు చూపితే, ఆ శ్రేణి నియోడిమియం స్ఫటికాన్ని ఉత్తేజపరచడానికి చేసినదై ఉండవచ్చు. 940 లేదా 976 అయితే ఇటెర్బియం కోసం. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే ఈ విలువ సుమారు 0.3 నానోమీటరు పెరుగుతుంది. స్ఫటికం ఇరుకైన పట్టీలోనే కాంతిని గ్రహిస్తుంది కనుక నీటి ప్రవాహం తగ్గితే డయోడ్ వెలుగుతూనే ఉన్నా ప్రయోజనం సన్నగిల్లుతుంది. 2008లో చంద్రయాన్-1 నుండి చంద్రుని ఎత్తుపల్లాలను కొలిచిన లేజరులోని నియోడిమియం స్ఫటికాన్ని ఉత్తేజపరచినదీ డయోడ్ల కాంతియే.