సముద్రపు చేపల అక్వేరియంలో గోదావరి ఇసుక వేయొచ్చా? కొనేముందు ఈ వెనిగర్ టెస్ట్ చేయండి!

నస్పూర్ వాళ్లకు ఇసుక కొత్త కాదు. పక్కనే గోదావరి ఉంది. సింగరేణి భూగర్భ గనుల్లో బొగ్గు తీసిన చోట ఖాళీని నింపడానికి దశాబ్దాలుగా వాడింది కూడా ఇసుకే. అందుకే ఇంట్లో సముద్రపు చేపల అక్వేరియం పెట్టాలనుకునే వాళ్లకు వచ్చే మొదటి డౌట్ ఇదే.. ఇంత ఇసుక ఇక్కడే ఉండగా, కేజీల లెక్కన డబ్బులు పెట్టి ఎందుకు కొనాలి?

క్లౌన్ ఫిష్ లాంటి సముద్రపు చేపలు గప్పీలు, గోల్డ్ ఫిష్‌ల కంటే చాలా ఖరీదు. ఇసుక దగ్గర పొరపాటు చేస్తే ఆ ఖర్చంతా నీళ్లలో పోసినట్టే. మరి ఏ ఇసుక వేయాలో తెలుసుకుందాం.

తేడా ఎక్కడుంది?

గోదావరి ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్, అంటే సిలికా. సముద్రపు ట్యాంకుల కోసం అమ్మే అరగొనైట్ ఇసుక కాల్షియం కార్బోనేట్‌తో తయారైంది. గవ్వలు, పగడాల్లో ఉండేది కూడా ఇదే పదార్థం. సముద్రపు చేపలకు నీటి పీహెచ్ 8.1 నుంచి 8.4 మధ్య ఉండాలి. ఇసుక పొర లోపల పీహెచ్ పడిపోయినప్పుడు అరగొనైట్ కొద్దికొద్దిగా కరిగి, నీటికి కాల్షియం, కార్బోనేట్ అందిస్తుంది. క్వార్ట్జ్ ఆ పని చేయదు.

అలాగని క్వార్ట్జ్ విషమేమీ కాదు. అసలు ఇబ్బంది నది ఇసుకతో పాటు వచ్చే బంకమట్టి, చెత్త, పొలాల నుంచి కొట్టుకొచ్చే మందుల అవశేషాలతోనే. ఇక అరగొనైట్ వేశాం కదా అని నీటి టెస్టులు మానేయొద్దు. పీహెచ్‌ను పూర్తిగా కాపాడేంత శక్తి దానికి లేదు.

ఇంట్లోనే వెనిగర్ టెస్ట్

ఒక చెంచా ఇసుకను కడిగి, ఆరబెట్టి గాజు గ్లాసులో వేయండి. దానిపై కొంచెం వెనిగర్ పోయండి. బుస్సుమని బుడగలు వస్తే అందులో కాల్షియం కార్బోనేట్ ఉన్నట్టే. ఏమీ జరగకపోతే అది దాదాపుగా సిలికానే. అరగొనైట్ పేరుతో వేరే ఇసుక అంటగడుతున్నారేమో చూసుకోవడానికి ఇది పనికొస్తుంది. అయితే మామూలు సున్నపురాయి పొడికీ బుడగలు వస్తాయి. కాబట్టి ప్యాకెట్‌పై వివరాలు కూడా చదవండి.

గింజ సైజు ఎంత ఉండాలి?

ఎక్కువ ట్యాంకులకు 1 నుంచి 2 మిల్లీమీటర్ల గింజ సరిపోతుంది. మరీ సన్నగా ఉంటే వేవ్ మేకర్ గాలికి దుమ్ము లేచినట్టు లేపేస్తుంది. మరీ ముతకగా ఉంటే తిండి ముక్కలు, రెట్ట సందుల్లో ఇరుక్కుని నైట్రేట్ పెరుగుతుంది. ఇసుకను నోటితో జల్లెడ పట్టే గోబీలు, రాత్రిళ్లు ఇసుకలో దూరి పడుకునే కొన్ని రకాల రాస్ చేపలు పెంచాలనుకుంటే మాత్రం మెత్తటి సన్న ఇసుకే వేయాలి. రంగు వేసిన రాళ్ల జోలికి వెళ్లొద్దు.

ఎంత కొనాలి?

మామూలుగా 3 నుంచి 5 సెంటీమీటర్ల మందం చాలు. ఉదాహరణకు 90 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ట్యాంక్‌లో 3 సెంటీమీటర్ల మందం వేయాలంటే సుమారు 8 లీటర్ల ఇసుక కావాలి. అంటే దాదాపు 12 కేజీలు. మందంగా వేసిన ఇసుకను తర్వాత ఒక్కసారిగా కెలికితే, అడుగున పేరుకున్న హైడ్రోజన్ సల్ఫైడ్ బయటికొచ్చి చేపలకు ప్రమాదం.

ముందుగా రాళ్లను ట్యాంక్ అడుగున కదలకుండా పెట్టి, తర్వాతే చుట్టూ ఇసుక పోయాలి. ఇసుక మీద రాళ్లు పెడితే, చేపలు కింద తవ్వినప్పుడు అవి కూలిపోవచ్చు.

డ్రైయా? లైవా?

డ్రై ఇసుకను నీళ్లు తేటగా వచ్చేవరకు కడగాలి. బ్యాక్టీరియా ఉండే లైవ్ ఇసుకను మాత్రం నల్లా నీళ్లతో కడగొద్దు. క్లోరిన్‌కు ఆ బ్యాక్టీరియా చస్తుంది. మన దగ్గర ఎండాకాలంలో పార్సిల్ రోజుల తరబడి వేడిలో ఉన్నా అదే పరిస్థితి. అప్పుడు డ్రై ఇసుక తెప్పించుకోవడమే నయం. ఏది వేసినా అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చాకే చేపలు వదలాలి. దీనికి చాలాసార్లు 4 నుంచి 6 వారాలు పడుతుంది.

వైజాగ్ నుంచి సంచిలో తేవొచ్చా?

వద్దు. కోస్టల్ రెగ్యులేషన్ జోన్ నిబంధనల ప్రకారం తీరంలో ఇసుక తవ్వకాలపై నిషేధం ఉంది. పైగా విశాఖ, భీమిలి తీరాల్లో ఇల్మనైట్, గార్నెట్ లాంటి ఖనిజాలున్న నల్ల ఇసుక కనిపిస్తుంది. అయస్కాంతానికి అంటుకునే గింజలు మ్యాగ్నెట్ క్లీనర్‌లో చిక్కుకుంటే అద్దంపై గీతలు పడతాయి. పగడాల ముక్కలు ఏరుకురావడం ఇంకా పెద్ద తప్పు. సముద్రంలో దిబ్బలు కట్టే పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్-1లో ఉన్నాయి.

మరి గోదావరి ఇసుక ఎందుకూ పనికిరాదా అంటే, అలా ఏం లేదు. ఇల్లు కట్టగా మిగిలిన ఇసుక ఉంటే జల్లెడ పట్టి, పదిసార్లు కడిగి మంచినీటి చేపల ట్యాంక్‌లో వేసుకోవచ్చు. సముద్రపు చేపలకు మాత్రం ఆ 12 కేజీల దగ్గర పిసినారితనం వద్దు.