విరాళాల మ్యాచ్: గేటు కలెక్షన్ ఎటు పోతుంది?

లీగ్ సీజన్ మొదలయ్యే ముందు ఫుట్‌బాల్ క్లబ్బులు ఆడే మ్యాచ్‌లకు పాయింట్లు ఉండవు. గెలిచినంత మాత్రాన పట్టికలో పైకి పోయేదీ లేదు, ఓడితే కిందికి జారేదీ లేదు. సెలవుల్లో బిగుసుకుపోయిన కాళ్లను దారికి తేవడం, కొత్తగా వచ్చిన ఆటగాడు పాతవాళ్లతో ఎలా కలుస్తాడో చూడటం, కుర్రాళ్లకు నిండు స్టేడియం రుచి చూపించడం, అప్పటికి కోచ్‌కు కావలసింది ఇంతే. రెండు జట్లూ ఒప్పుకొని రిఫరీకి ముందే చెబితే, ఇలాంటి మ్యాచ్‌లో మామూలుకన్నా ఎక్కువమంది సబ్‌స్టిట్యూట్లను దించడానికి ఆట నిబంధనలే వీలిస్తాయి. విరామం తర్వాత జట్టంతా కొత్త ముఖాలతో కనిపించినా ఎవరూ ఆశ్చర్యపోరు.

ఎలాగూ ఆడక తప్పని మ్యాచే కదా, టికెట్ల డబ్బును ఒక మంచి పనికి ఇద్దామన్న ఆలోచన పాతదే. 1902 ఏప్రిల్‌లో గ్లాస్గోలోని ఐబ్రాక్స్ మైదానంలో స్కాట్లండ్, ఇంగ్లండ్ మ్యాచ్ జరుగుతుండగా ప్రేక్షకుల గ్యాలరీ కూలి 25 మంది చనిపోయారు. ఆ కుటుంబాల సహాయ నిధి కోసం రేంజర్స్ క్లబ్బు తాను గెలుచుకున్న కప్పునే పందెంగా పెట్టి పోటీ జరిపించింది. ఫైనల్లో సెల్టిక్ చేతిలో ఓడి ఆ కప్పును పోగొట్టుకుంది కూడా.

ఈ ఆనవాయితీకి పెద్ద రూపం ఇంగ్లండ్‌లో 1908లో మొదలైన ఛారిటీ షీల్డ్. తొలి ఏడు మాంచెస్టర్ యునైటెడ్, క్వీన్స్ పార్క్ రేంజర్స్ తలపడ్డాయి. మొదటి మ్యాచ్ 1-1తో తేలకపోతే మళ్లీ ఆడించారు, యునైటెడ్ 4-0తో గెలిచింది. ఇప్పుడది సీజన్ మొదట్లో లీగ్ విజేతకూ, ఎఫ్‌ఏ కప్ విజేతకూ మధ్య జరుగుతోంది. అయితే దాని పేరులో ‘ఛారిటీ’ లేదు. టికెట్ డబ్బులో ఎంత భాగం విరాళంగా పోతుందో ప్రేక్షకుడికి స్పష్టంగా చెప్పలేదనీ, సంస్థలకు చేరవలసిన సొమ్ము ఆలస్యమైందనీ బ్రిటన్ ఛారిటీ కమిషన్ తప్పు పట్టింది. 2002లో పేరు ‘కమ్యూనిటీ షీల్డ్’గా మారింది. తొంభై ఏళ్లకు పైగా వాడిన మాటను లెక్కల దగ్గర వచ్చిన పేచీ తుడిచేసింది.

తెలుగువాళ్లకు ఈ సంగతి అర్థం కావడానికి ఇంగ్లండ్ దాకా వెళ్లనక్కర్లేదు. ‘బెనిఫిట్ షో’ అన్న మాట చాలు. ఒకప్పుడు ఫలానా నిధి కోసం వేసిన ఆటను అలా పిలిచేవారు. ఇవాళ అది పెద్ద హీరో సినిమాకు తెల్లవారకముందే, ఎక్కువ ధరకు వేసే ఆట. బెనిఫిట్ ఎవరికో అడిగేవాళ్లు లేరు. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత సినిమా తారలు జోలె పట్టి ఊరూరా తిరిగినప్పుడు మాత్రం ఆ ప్రశ్న అవసరం లేకపోయింది. డబ్బు ఎవరి కోసమో అందరికీ తెలుసు.

డబ్బు ఎవరికన్న ఈ ప్రశ్న మన బొగ్గు ఊళ్ల దాకా వస్తుంది. అసలు బొగ్గు ఊళ్లకు ఫుట్‌బాల్‌తో ఉన్న చుట్టరికం గట్టిది. ఫ్రాన్స్‌లో లాన్స్ క్లబ్బు స్టేడియానికి ఆ ఊరి గనుల కంపెనీ అధికారి బొలార్ట్ పేరే పెట్టారు. జర్మనీలో షాల్కె జట్టును అభిమానులు గని కార్మికులన్న అర్థం వచ్చే మాటతోనే పిలుస్తారు. 1934 సెప్టెంబరులో వేల్స్‌లోని గ్రెస్‌ఫర్డ్ గనిలో పేలుడు జరిగి 266 మంది చనిపోయారు. మరునాడు మధ్యాహ్నం రెక్సమ్ జట్టు మ్యాచ్ చూడాలని ఆ రాత్రి చాలామంది షిఫ్టు మార్చుకొని గనిలోకి దిగారని అక్కడివారు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఉక్రెయిన్ క్లబ్బు షాక్తార్ పేరుకు అర్థమే గని కార్మికుడు. 2014 నుంచి సొంతూరు దొనెత్స్క్‌కు దూరమైన ఆ జట్టు, 2022లో యుద్ధంతో లీగ్ ఆగిపోగానే గ్రీస్, పోలండ్, టర్కీ వెళ్లి స్వదేశం కోసం విరాళాల మ్యాచ్‌లు ఆడింది.

మన బొగ్గు కంపెనీ సింగరేణి కథ ఇంత ఫుట్‌బాల్‌మయం కాదు. 1871లో ఇల్లందు దగ్గర విలియం కింగ్ బొగ్గు జాడ కనిపెట్టాడు. 1920లో కంపెనీకి ఇప్పటి పేరు వచ్చింది. నేడు అందులో తెలంగాణ వాటా 51 శాతం, కేంద్రం వాటా 49 శాతం. రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో ఆటలు కంపెనీ నీడలోనే పెరిగాయి. కార్మికుల క్రీడా సంఘం ఏరియాల వారీగా పోటీలు పెడుతుంది, గెలిచినవాళ్లు కోల్ ఇండియా స్థాయి పోటీలకు వెళ్తారు. అవి ఉద్యోగులు డ్యూటీ చేసుకుంటూ ఆడే ఆటలు. జీతమిచ్చి ఆడించే ప్రొఫెషనల్ క్లబ్బు అక్కడ లేదు. హైదరాబాద్‌లోనూ ఆ ముచ్చట ఎక్కువ కాలం నిలవలేదు. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలి పేరు కూడా మార్చుకుంది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదు రోవర్స్ కప్పులు గెలిచిన పోలీసు జట్టు ఊరికి ఇది చిన్న లోటు కాదు.

సింగరేణి పేరు ఫుట్‌బాల్ చొక్కా ఎక్కింది మాత్రం ఒక ప్రదర్శన మ్యాచ్‌తోనే. 2025 డిసెంబరు 13న మెస్సీ హైదరాబాద్ వచ్చినప్పుడు ఉప్పల్ స్టేడియంలో ‘సింగరేణి ఆర్‌ఆర్ 9’, ‘అపర్ణ మెస్సీ ఆల్ స్టార్స్’ అనే జట్లు ఆడాయి. ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి 9వ నంబరు జెర్సీతో దిగారు. మెస్సీ వెంట సువారెజ్, డి పాల్ వచ్చారు. అదే రోజు కోల్‌కతాలో మెస్సీని సరిగా చూడలేకపోయామని జనం కుర్చీలు విరగ్గొట్టారు. హైదరాబాద్‌లో మాత్రం కార్యక్రమం సాఫీగా సాగింది. ఆ తర్వాత చర్చ ఆట మీద కన్నా ఖర్చు మీదే నడిచింది. బొగ్గు కంపెనీ సొమ్ము దీనికి ఎందుకని ప్రతిపక్షాలు నిలదీశాయి.

గోదావరిఖనిలో ఆ ప్రశ్నకు బరువు ఎక్కువ. కంపెనీ లాభంలో కార్మికుడికి వాటా ఉంటుంది, దసరా దగ్గరపడితే ఆ వాటా ఎంత శాతమన్నదే ఊరంతా మాట. చట్టం కూడా ఇక్కడ గీత గీసింది. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. గ్రామీణ క్రీడల్లో, ఒలింపిక్ క్రీడల్లో శిక్షణ ఇవ్వడం ఆ ఖాతాలోకి వస్తుంది. ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్ రాదు. పిల్లలకు కోచ్‌ను పెట్టడం ఒకటి, ఒక సాయంత్రం చొక్కా మీద పేరు వేయించుకోవడం వేరొకటి.

ప్రదర్శన మ్యాచ్ అంటే కన్నులపండుగ, దాని డబ్బు ఎవరిదైనా కావచ్చు. విరాళాల మ్యాచ్ అన్నాక డబ్బు ఎవరికన్నది ముందే తేలాలి. వసూలైన మొత్తం విరాళం కాదు. మైదానం అద్దె, బందోబస్తు, ప్రయాణాలు, బసలు పోగా మిగిలిందే విరాళం. పేరున్న ఆటగాడికి పారితోషికం కూడా ఇస్తే ఆ మిగులు ఇంకా తరుగుతుంది. అందుకే నిజాయతీ గల నిర్వాహకులు ఖర్చులకు వేరే స్పాన్సర్‌ను వెతుక్కొని, గేటు కలెక్షన్‌ను ముట్టుకోరు.

2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు చొచ్చుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. సాయం అంటే ఏమిటో, అది ఎప్పుడు అందాలో ఆ ఊరికి తెలుసు. అలాంటి చోట ఎవరైనా విరాళాల మ్యాచ్ పెడితే నిధి పేరు, అందుకునేవాళ్ల వివరం టికెట్ మీదే అచ్చు వేయాలి. నెల తిరిగేలోగా జమాఖర్చులు స్టేడియం గేటుకు అంటించాలి.